చిట్టా చూపించమ్మా

ఈ ఊళ్లో కొట్టు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఏ రోజు అమ్మకం ఆ రోజే చిట్టాకెక్కాలి. ఆవర్జా తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు. చిట్టా లేని ఆవర్జా ఎంత అందంగా రాసినా మీలో ఒక్కరూ నమ్మరు. ల్యాబులోనూ అంతే. రోజువారీ నోట్‌బుక్ మా చిట్టా, అచ్చయ్యే పేపరు మా ఆవర్జా.

అమెరికాలో, న్యూజెర్సీలో బెల్ ల్యాబ్స్ ఉంది. ట్రాన్సిస్టర్ పుట్టిన చోటది. అక్కడ యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త 2001లో సగటున ఎనిమిది రోజులకో పేపరు వేశాడు. నోబెల్ ఖాయమన్నారు. 2002లో లిడియా సోన్, పాల్ మెక్‌యూయెన్ అనే బయటి శాస్త్రవేత్తలిద్దరు ఆ పేపర్లలోని గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూశారు. ఏ కొలతలోనైనా గీత కాస్త వణుకుతుంది, దాన్ని నాయిస్ అంటాం. ఒకసారి వచ్చిన వణుకు ఇంకోసారి అలాగే రాదు. షోన్ గ్రాఫుల్లో మాత్రం వేరువేరు ప్రయోగాలకు అదే వణుకు, అచ్చుగుద్దినట్టు! విచారణ కమిటీ 24 ఆరోపణలు పరిశీలించి, 16 అంశాల్లో అతను తప్పు చేశాడని తేల్చింది. అసలు రీడింగులేవని అడిగితే, కంప్యూటర్లో చోటు చాలక చెరిపేశానన్నాడు. సరైన నోట్‌బుక్కులూ లేవు.

ఆ పేపర్ల మీద పెద్దవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. మోసంలో వాళ్లకు భాగం లేదని కమిటీ చెప్పింది. పైవాళ్లు అడగవలసినంత అడిగారా అన్న ప్రశ్న కూడా లేవనెత్తింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. ఎందుకంటే, నా దగ్గర పనిచేసే ఒకమ్మాయి ప్రయోగం కుదరలేదని చెప్పినరోజు నేను ముఖం చిట్లించాను. ఆ తర్వాత మూడు నెలలు కుదరనివేవీ నాకు చూపించలేదు. తను అబద్ధమాడలేదు, భయపడింది. తప్పు పూర్తిగా నాది. అప్పటినుంచి సోమవారం మీటింగులో ముందు నా పొరపాట్లు చెప్పి, ఆ తర్వాత "చిట్టా చూపించమ్మా" అంటాను.

ఇలా తన పొరపాటు తానే ఒప్పుకున్న మరొకరి సంగతి చెబుతాను. ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్ గారికి 2018లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మరుసటేడు ఆమె బృందం వేసిన ఒక పేపరులోని ఫలితాలు మళ్లీ చేస్తే రాలేదు. నోట్‌బుక్ తీస్తే కీలకమైన ప్రయోగాల నమోదులూ లేవు, రీడింగులూ లేవు. 2020 జనవరిలో ఆ పేపరు వెనక్కి తీసుకున్నారు. పని ఒత్తిడిలో తన బాధ్యత సరిగా చూడలేదని ఆమె లోకమంతటికీ చెప్పి క్షమాపణ కోరారు. నెపం తన కిందివాళ్ల మీదికి నెట్టలేదు. నేను పిల్లలకు ఆమె నోబెల్ కన్నా ముందు ఈ సంగతే చెబుతాను.

మీ పిల్లలు పీహెచ్‌డీలో చేరేటప్పుడు గైడు ఎన్ని పేపర్లు వేశారని వాకబు చేస్తారు కదా. అలాగే ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్లను విడిగా కలిసి, ప్రయోగం చెడిపోతే ఆ రోజే ఆయనకు చెప్పగలుగుతున్నారా అని కూడా అడగండి.