పరదేశపు మేనేజరు – మనము నేర్వవలసిన పాఠము

(మద్నూరు పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



పత్తి తూకము ముగించుకొని నేరుగ ఇచ్చటికి వచ్చినవారు మీలో పలువురు కలరు. అట్టివారి యెదుట చీనాదేశపు మేనేజర్లను గూర్చి ప్రసంగింప బూనుట వింతగ తోచవచ్చును. కాని ఈ విషయమునకు మన పొలిమేర ఊరికంటె తగిన చోటు లేదని మా తలంపు. మన పల్లెలనుండి యువకులు గల్ఫు దేశములకు పోయి పరదేశీయుల అజమాయిషీ క్రింద కష్టించుట మనమెరుగుదుము. ఇప్పుడు పరదేశపు మేనేజర్లే మన కార్ఖానాలకు వచ్చుచున్నారు. పోవువాని బాధ నెరిగిన మనము వచ్చువాని బ్రతుకును గూడ తెలిసికొనవలయును.

2015వ సంవత్సరమున శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ సెల్‌ఫోనుల తయారీని ఆరంభించినది. 2023 మే 15వ తేదీన హైదరాబాదు చెంత కొంగరకలాన్‌లో ఆ సంస్థవారి మరియొక కార్ఖానాకు శంకుస్థాపన జరిగినది. సంస్థ తైవాను దేశపుది. అయినను ఇట్టి కార్ఖానాలలో యంత్రములను నిలిపి, పనివారలకు మెలకువలు నేర్పుటకు చీనా ఇంజనీర్లు, మేనేజర్లు పెక్కుమంది భారతదేశమునకు వచ్చిరి.

ఆ మేనేజరు ఎవడు? పెద్ద దొర కాడు. తరచుగ రైతు కుటుంబమున బుట్టి, చదువుకొని, యంత్రముల నడుమ పెరిగినవాడు. భార్యాబిడ్డలను, ముదుసలి తలిదండ్రులను స్వదేశమున విడిచి, తోటివారితో అద్దె గదిలో కాపురముండును. రాత్రి బిడ్డ ముఖమును సెల్‌ఫోనులో చూచుకొనును. వసంతోత్సవపు సెలవులకై దినములు లెక్కించును. పట్టణమున సొంత యిల్లు, బిడ్డకు మంచి చదువు, సంస్థలో ఒక మెట్టు పైకెక్కుట – ఇవియే అతని ఆశలు. మన గల్ఫు సోదరుని ఆశలకును వీనికిని భేదమేమున్నది? మన ప్రభుత్వపు ఉద్యోగ వీసా నియమములు గూడ ఈ మనుష్యధర్మమును గుర్తించినవి. విదేశీ ఉద్యోగికి ఏటికి 16.25 లక్షల రూపాయల కనీస జీతముండవలెనని విధించుచునే, వారి దేశపు వంట చేయు వంటవానికి ఆ నిబంధననుండి మినహాయింపు నొసగినవి. అన్నము సహింపనివాడు పని చేయజాలడని చట్టమునకును తెలియును!

చీనావారికి "చేదును తినుట" అను నానుడి కలదు. కష్టమును నోరెత్తక దిగమ్రింగుట యని దాని భావము. జాంబియా దేశపు గనులలోని చీనా మేనేజర్లను పరిశీలించిన చింగ్ క్వాన్ లీ అను పండితురాలు 2017లో వెలువరించిన తన గ్రంథమున ఈ గుణమును విపులముగ చర్చించినది. ఇది మెచ్చదగిన గుణమే. కాని తాను చేదు తినువాడు ఎదుటివాడును తినవలెనని శాసించినప్పుడు అది క్రౌర్యమగును. 2005లో అదే దేశమున చాంబిషి గనిచెంత చీనావారి ప్రేలుడు పదార్థముల కార్ఖానాలో సుమారు 50 మంది పనివారు మడిసిరి. 2010లో కొల్లుం బొగ్గుగనిలో కూలి పెంపునకై గుమిగూడిన కార్మికులపై చీనా మేస్త్రీలు తుపాకి కాల్చగా పదిమందికి పైగా గాయపడిరి. ఓర్పు ఎంత గొప్పదైనను చట్టమునకు బదులు కానేరదు.

అయినను మేము నేడు ముఖ్యముగ చెప్పదలచినది వేరొకటి కలదు. ఫాక్స్‌కాన్ సంస్థ 1988లో చీనాలోని షెన్‌జెన్ నగరమున అడుగిడినపుడు పెత్తనము తైవాను మేనేజర్లది. చీనా యువకులు వారి క్రింద కూలివారు. ఆ కూలివారి తరమువారు పని నేర్చిరి, లోపములను దిద్దిరి, క్రమముగ పెత్తనమును అందుకొనిరి. నేడు మన యెడకు గురువులుగ వచ్చినవారు నిన్నటి శిష్యులే. మనము అసూయ పడవలసినది వారి జీతమును జూచి కాదు, వారు నేర్చిన తీరును జూచి.

ఇక 2025 జూలైలో వెలువడిన వార్తను తలచుకొనుడు. దక్షిణ భారతమునందలి ఐఫోను కార్ఖానాలనుండి 300 మందికి పైగా చీనా ఇంజనీర్లను, పనిమంతులను ఆ సంస్థ వెనుకకు పిలిపించినదని పత్రికలు ప్రకటించినవి. గురువు లేచి పోయినపుడు పలక మీద ఏమి మిగిలినది? మన బిడ్డలకు యంత్రముయొక్క మీట నొక్కుట మాత్రమే తెలియునా, అది చెడిన విప్పి బాగుచేయుటయు తెలియునా? స్వదేశీయత్వమునకు ఒరగల్లు ఇదియే.

మనకు పాత అనుభవము లేకపోలేదు. కోరంగి రేవునుండి బర్మాకు తెలుగువారు వేలకొలదిగ పోయిరి. వారిని మేస్త్రీలు బయానాలిచ్చి తోడ్కొనిపోయి, కూలిలో వాటా మినహాయించుకొనిరి. మేస్త్రీ ధనము కూడబెట్టెను, కూలివాడు బరువులు మోసెను. 1930లో రంగూను రేవున కల్లోలము చెలరేగినపుడు ఆ కూలివాడే దెబ్బలు తినెను. 1942లో యుద్ధము ముంచుకొని వచ్చినపుడు అడవిదారులబట్టి కాలినడకను తిరిగివచ్చినవారిలో వాడును ఉండెను. చేతిలో ధనము లేదు, పనితనమును లేదు.

రెండేండ్ల క్రిందట ఒక యువకుడు గల్ఫునుండి వచ్చి మా వకాలతు గదిలో కూర్చుండెను. బాకీపడిన జీతమునకై దావా వేయ వచ్చినవాడు. కాగితములు వ్రాయుచుండగా అతడన్నమాట మమ్ము విడువదు: "ఆరేండ్లు బస్తాలు మోసిన సార్, ఒక్కనాడు గూడ మిషిన్ ముట్టనియ్యలే." జీతపు బాకీకి కోర్టు కలదు. ఈ బాకీకి ఏ కోర్టు?

కావున మనము అడుగవలసినది స్పష్టము. ప్రభుత్వము పరదేశపు సంస్థలకు భూమి, నీరు, రాయితీలు ఇచ్చునపుడు, ఎన్నేండ్లలో ఏయే పదవులు స్థానికులకు అప్పగింపబడునో ఒడంబడికలోనే వ్రాయించవలెను. ఇది గొంతెమ్మకోరిక కాదు. ఇథియోపియాలో అడిస్ అబాబా–జిబూటీ రైలుమార్గము 2016లో ప్రారంభమైనపుడు నడుపుటకు చీనా సంస్థలే పూనుకొన్నవి. స్థానికులకు తరిఫీదు నిచ్చి 2024లో వారికి అప్పగించినవి. ఆఫ్రికావారికి సాధ్యమైనది మనకు అసాధ్యమగునా?

మన వంతు బాధ్యతయు కలదు. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వినబడు ఊరు మనది. అమ్మువాని భాష రానివాడు బేరమున మోసపోవునని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. గురువు భాష రానివాడు విద్యయందును అట్లే మోసపోవును. ఈ పఠనమందిరమున చీనాభాషా బోధిని యొకటి, యంత్రశాస్త్ర గ్రంథములు కొన్ని చేరవలెనని మా కోరిక. మొదటి గ్రంథముల వెల మేము చెల్లింతుము. తరువాతి వానికి మీరు తలయొక చేయి వేయుడు.

వచ్చిన మేనేజరును అతిథిగ ఆదరింతము, గురువుగ గౌరవింతము. చట్టమును మీరినచో నిలువరింతము. అతడు ఇల్లు చేరు దినమున మన బిడ్డ అతని కుర్చీలో కూర్చుండగలిగిననాడే మన ఋణము తీరినట్లు.