డాక్టరు దగ్గర "నీరసం" అని ఊరుకోవద్దు

(పెన్నాగరంలో మిల్లు కార్మికులు, వారి కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేము మాట్లాడేది బోనస్సు గురించి కాదు, పనిభారం గురించీ కాదు. హెపటైటిస్ జబ్బుకు మందులు మింగుతున్నవారి కాపురం గురించి. ఆడవాళ్ళు, పెద్దలు కూర్చున్న సభలో ఇవేం మాటలని మా కమిటీలోనే కొందరు అడ్డం చెప్పారు. మాట్లాడుకోకపోవడం వల్లే ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చింది. అందుకే మాట్లాడుతున్నాం.

ఆ సోదరుడి పేరు చెప్పం. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్న తర్వాతే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాం. మన పక్క పల్లె మనిషే. తిరుప్పూరు వైపు నూలు మిల్లులో రింగ్ ఫ్రేము మీద పని. రక్తం ఇవ్వబోతే పరీక్షలో హెపటైటిస్-బి ఉందని తేలింది. టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి వేసుకోమన్నారు. పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు, ఉండేది ఒక్క రాత్రి. మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్ళకు ఆ ఒక్క రాత్రీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలైంది. మిల్లు ఊళ్ళో ఇంకెవరో ఉన్నారని భార్య అనుకుంది. మాత్రే తన మగతనాన్ని తినేసిందని ఆయన అనుకున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

డాక్టరు దగ్గర మాత్రం "నీరసంగా ఉంది సార్" అన్నాడు. ఆయన బలానికి మాత్రలు రాసిచ్చాడు. డాక్టరును మాత్రం ఏమంటాం? ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో తమిళం మాట్లాడే మనకు ఈ సంగతి చెప్పడానికి రెండు భాషల్లోనూ మాట పెగలదు. నీరసం, నడుం నొప్పి, నిద్ర పట్టదు అంటూ చుట్టూ తిరుగుతాం. చివరికి గోడల మీద పోస్టర్లు అంటించుకుని, నెలకోసారి లాడ్జిలో గది తీసుకునే వైద్యుడు ఒకాయన దొరికాడు. ఆయన ఓ పొడి పొట్లం చేతిలో పెట్టి, ఇంగ్లీషు మాత్రలు ఆపెయ్యమన్నాడు. ఆపేశాడు. నాలుగో నెలలో కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరి, ఆస్పత్రిలో పడ్డాడు.

హెపటైటిస్-బి మాత్ర వైరస్‌ను చంపదు, అణచి ఉంచుతుంది. ఉన్నట్టుండి ఆపితే అది ఒక్కసారిగా విజృంభించవచ్చు. కొందరికి కాలేయమే దెబ్బతిని ప్రాణం పోతుంది. మిగతాది అంతా మరిచిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

అయితే కాలేయం మందులు కాపురాన్ని చెడగొడతాయన్న మాట గాల్లోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు అది చాలావరకు నిజమే. హెపటైటిస్-సి కి ఇంటర్‌ఫెరాన్ అనే సూది మందు, దాంతోపాటు రిబావిరిన్ మాత్రలు ఇచ్చేవారు. 24 వారాలు, కొందరికి 48 వారాలు. సూది పడిన రాత్రి జ్వరం, ఒళ్ళు నొప్పులు. నెలలు గడిచేకొద్దీ దిగులు, చిరాకు, దేనిమీదా మనసు లేకపోవడం. కోరిక తగ్గేది. మగవారికి అంగం గట్టిపడేది కాదు. ఆ దిగులుకు ఇచ్చే మందుల్లో కొన్ని కోరికను ఇంకా తగ్గించేవి. అమెరికాలో ఈ మందులు వాడిన మగవారిని అడిగి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. చికిత్స ముగిసేనాటికి ముందుకంటే పరిస్థితి దిగజారిందని నూటికి సుమారు 38 నుంచి 48 మంది చెప్పారు. కానీ అందులోనే ఇంకో అంకె ఉంది. మందు మొదలుపెట్టకముందే నూటికి 37 మంది కోరిక తగ్గిందన్నారు. అంటే నేరమంతా మందుదే కాదు. ఆడవాళ్ళను ఎందుకు అడగలేదని మన సోదరీమణులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆడవారికీ ఆ సూదితో కోరిక తగ్గేది, ఒళ్ళు సహకరించేది కాదు. కానీ వాళ్ళను అడిగేవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

ఇప్పుడు ఆ కాలం చాలావరకు పోయింది. సోఫోస్బువిర్ అనే మాత్ర 2013 చివర్లో అమెరికాలో వచ్చింది. అక్కడ మాత్ర ఒక్కటికి వెయ్యి డాలర్లు! 2015 మార్చిలో మన హైదరాబాదు కంపెనీ నాట్కో దాన్ని 28 మాత్రల సీసా 19,900 రూపాయల ధరకు తెచ్చింది. అదీ మన జీతాలకు అందే ధర కాదు. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాక బి కీ, సి కీ ప్రభుత్వాస్పత్రుల ద్వారా మందులు ఉచితంగా ఇస్తున్నారు. హెపటైటిస్-సి ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. రిబావిరిన్ కూడా రాస్తే మాత్రం జాగ్రత్త. అది కడుపులో బిడ్డకు ప్రమాదం. భార్య వాడినా భర్త వాడినా, వాడినన్నాళ్ళూ, ఆపాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలూ గర్భం రాకుండా చూసుకోవాలి.

ఇక బి కి ఇచ్చే టెనోఫోవిర్, ఎంటెకావిర్. వీటివల్ల తల తిరగడం, వికారం, అలసట రావచ్చు. టెనోఫోవిర్‌తో కిడ్నీనీ ఎముకలనూ కనిపెట్టుకుని ఉండాలి, అందుకే మధ్యమధ్య రక్త పరీక్ష. కాపురానికి అడ్డం రావడం వీటి ముఖ్యమైన దుష్ఫలితాల్లో లేదు.

మరి మన సోదరుడికి ఏమైంది? ఆస్పత్రిలో ఈసారి భార్యే నోరు విప్పింది. అప్పుడు డాక్టరు కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగారు. రోజూ క్వార్టరు తాగే అలవాటు బయటపడింది. షుగరు బయటపడింది, అది ఆయనకే తెలియదు. వరసగా నైట్ షిఫ్టులు. వీటన్నిటికీ పైన, నా జబ్బు భార్యకు అంటుతుందేమోనన్న భయం. ఆ భయమొక్కటి చాలదా, మనిషిని గోడవైపు తిప్పడానికి? కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో మగ హార్మోను తగ్గుతుంది, కొందరికి రొమ్ములు పెరుగుతాయి. పొట్టలో నీటికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ వల్ల, రక్తపు వాంతులు రాకుండా ఇచ్చే ప్రొప్రనలాల్ వల్ల కూడా ఇలా జరగవచ్చు. అలాంటప్పుడు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టరు చేయగలరు. మనం చెబితేనే కదా! మెడికల్ షాపులో ఎవరికీ కనబడకుండా కొనే ఉత్సాహపు మాత్రలు కూడా కాలేయం చెడినవారికి డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. ఏముందో రాయని పొడుల సంగతి చెప్పనక్కరలేదు.

"అంటుతుందా?" అని అందరూ అడుగుతారు. హెపటైటిస్-బి భార్యాభర్తల కలయిక వల్ల అంటుతుంది. ఒకే కంచంలో తిన్నా, పక్కపక్కన నిలబడి ఫ్రేము నడిపినా అంటదు. ఇంట్లో ఒకరికుంటే రెండోవారికి రక్త పరీక్ష చేయించి, జబ్బు గానీ రక్షణ గానీ లేకపోతే టీకా వేయించాలి. మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తి. అంతవరకు నిరోధ్. ఈ టీకా ఒకప్పుడు విదేశీ సరుకు, ధర వింటే గుండె గుభేలు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేశాక ధర దిగివచ్చింది. పిల్లల్ని కనాలనుకునే దంపతులు కూడా భయపడి మాత్ర ఆపవద్దు. టెనోఫోవిర్‌ను గర్భిణులకూ ఇస్తారు. బిడ్డకు పుట్టిన 24 గంటల్లో టీకా పడాలి, ఆ సంగతి కాన్పుకు ముందే ఆస్పత్రిలో చెప్పి ఉంచండి.

జీతం పోతుందని ఆస్పత్రికి వెళ్ళనివారు మనలో ఉన్నారు. ఈఎస్ఐలో జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. దీర్ఘకాలపు జబ్బుల జాబితాలో ముదిరిన కాలేయ జబ్బూ, తగ్గకుండా సాగే హెపటైటిస్సూ ఉన్నాయి. రెండేళ్ళ సర్వీసు ఉంటే 80 శాతం. కాంట్రాక్టు కింద పనిచేసేవారు ముందు తమ ఈఎస్ఐ నంబరు నిజంగా నడుస్తోందో లేదో చూసుకోండి. జీతంలో కోత కనిపించి, ఆఫీసులో పేరు కనిపించని కేసులు మా దగ్గరికి వచ్చాయి.

ఆ సోదరుడు మళ్ళీ మాత్ర వేసుకుంటున్నాడు. తాగుడు మానేశాడు. షుగరుకు మందు వాడుతున్నాడు. అంతా మునుపటిలా అయిందని మేము అబద్ధం చెప్పం, కొంత తేలిక పడిందని ఆయనే అన్నాడు. భార్య మూడో టీకా వేయించుకుంది. ధర్మపురి ఆస్పత్రికి ఇప్పుడు ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తున్నారు.

సభ అయ్యాక మేము వెనక గదిలో ఉంటాం. ఆడవాళ్ళతో మాట్లాడటానికి మన సోదరీమణులు వేరే గదిలో ఉంటారు. పేరు రాయనక్కరలేదు.