దోనె మీదకు ఏ ఫిష్ ఫైండర్?

కోటవురట్ల, నర్సీపట్నం వైపు నుంచి తాండవ జలాశయానికి దోనె మీద వేటకు వెళ్లేవారి కోసం ఈ నాలుగు మాటలు.

ఫిష్ ఫైండర్ చేసే పని ఒక్కటే. నీటిలోకి శబ్దం పంపుతుంది. అది నేలకో చేపకో తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు చెబుతుంది. చేప లోపల గాలితిత్తి ఉంటుంది కదా, దానికి తగిలిన శబ్దం గట్టిగా వెనక్కి వస్తుంది.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? మొదటిది తెర. కొట్లో నీడన కాదు, బయట ఎండలో పట్టుకుని చూడండి. రెండోది బ్యాటరీ. వేట ముగిసేదాకా నిలవాలి, బరువు ఉండకూడదు. మూడోది శబ్దం పంపి, తిరిగొచ్చింది అందుకునే సెన్సార్. దోనెకు చిల్లు పెట్టకుండా అంచుకు బిగించేది, విప్పి ఇంటికి తెచ్చుకోగలిగేది తీసుకోండి. అది ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. దాని కింద బుడగలు చేరితే బొమ్మ చెదిరిపోతుంది.

బంతిలాంటి సెన్సార్‌ను నీటిలోకి వదిలి, బొమ్మను ఫోన్‌లో చూసుకునే రకాలూ ఉన్నాయి. తేలికే. కానీ ఫోన్ తడవకూడదు, ఛార్జింగ్ అయిపోకూడదు.

ఒక్క జాగ్రత్త. తెర మీద చేప బొమ్మ వచ్చిందల్లా చేప కాదు. మునిగిన మొద్దు కావచ్చు, నాచు కావచ్చు. కొత్తలో తాడుకు రాయి కట్టి వదలండి. యంత్రం చెప్పే లోతు సరైనదో కాదో తేలిపోతుంది.

మళ్లీ చెబుతున్నాను. ఎండలో కనిపించే తెర, వేట ముగిసేదాకా నిలిచే బ్యాటరీ, విప్పి తెచ్చుకునే సెన్సార్. ఈ మూడూ ఉంటే చాలు. మిగతా హంగులకు పెట్టే డబ్బుతో ముందు లైఫ్ జాకెట్ కొనుక్కోండి.