ఈకతో ఈగ



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, నడుం వాల్చబోతూ ఈ ప్రసంగం వింటూ ఉంటారు మీరు. ఈనాడు నేను ముచ్చటించబోయేది కూడా చేతిపని గురించే. స్వెట్టరల్లిక కాదు, పూసల పనీ కాదు. నేను చేసే వస్తువును ఎవరూ తొడుక్కోరు, గుమ్మానికి కట్టుకోరు. మింగడానికి మాత్రం నీళ్లలో ఒకరు కాచుకుని ఉంటారు. చేపను భ్రమపెట్టడానికి ఇనపముల్లు మీద దారంతో, ఈకతో ఈగను కట్టడం నా పని. నేను దీన్ని దొంగ ఈగ అంటాను.

మా కొత్తగూడలో మొదటిసారి ఈ సరంజామా బయట పెట్టినప్పుడు పక్క ఫ్లాటావిడ తొంగిచూసి, "ఏందమ్మా, కోడీకలు ముందట వేసుకొని కూసున్నవ్, ఏమన్న మంత్రమా?" అంది. ఆవిడ తప్పేం లేదు. బాల్కనీలో నల్లకోడి ఈకలు, ఎర్ర పట్టుదారం, జరీపోగు, తేనెమైనం ముద్ద వరసగా పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా అనుమానం రాదూ మరి!

అసలు కథ మావారితో మొదలయింది. ఆయన ఉద్యోగరీత్యా మేము హిమాచల్‌ప్రదేశ్‌లో కులూ దగ్గర నాలుగేళ్లు ఉన్నాం. అక్కడి కొండవాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుంది. అది అక్కడ పుట్టిన చేప కాదు. తెల్లదొరలు తమ దేశపు సరదా ఇక్కడా సాగాలని, గుడ్లను మంచులో పెట్టి ఓడల మీద తెప్పించి మన చల్లని ఏళ్లలో వదిలారు. 1900 ప్రాంతంలో కాశ్మీరులో, 1909లో కులూ లోయలో. మన దక్షిణాదిన నీలగిరుల మీద అవలాంచిలో ఈ చేపపిల్లల్ని పొదిగించే కేంద్రం 1907 నాటిది. ట్రౌట్‌కు నీళ్లు ఇరవై డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, పారుతూ ఉండాలి. మా ఇంటికి దగ్గర్లోని దుర్గం చెరువులో వదిలితే ఒక్క వేసవి కూడా గడవదు. మన కొరమీనుదే గట్టి ప్రాణం. బురదలోనైనా బతికేస్తుంది. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ఎంచుకుందంటే ఊరకే కాదు.

మావారు అక్కడ ఒక పెద్దాయన దగ్గర ట్రౌట్ పట్టడం నేర్చుకున్నారు. ఆ ఈగలు కొనాలంటే ఒక్కొక్కటీ ఖరీదే. పైగా రాళ్లకో కొమ్మలకో తట్టుకుని రోజుకు అరడజను పోతాయి. ఇంటి ఖర్చు రాసే దాన్ని కదా, నెలాఖరున లెక్క చూసి గుండె గుభేలుమంది. "ఇలా తెండి, నేను చూస్తాను" అని ఒక ఈగను తీసుకుని బ్లేడుతో మెల్లగా విప్పాను. లోపల ఏముందనుకున్నారు? మూరెడు పట్టుదారం, ఒక చిన్న ఈక. అంతే! పదో తరగతితో చదువాపిన దాన్నైనా కుట్టుమిషను మీద చెయ్యి తిరిగిన దాన్ని. ఇది నాకు చేతకాదా అనిపించింది.

ఎలా కట్టాలో చెబుతాను. మీకు చేపతో పని లేకపోయినా వినండి, పని ముచ్చటైనది.

ఈ ఈగల్లో రెండు రకాలు. నీటి మీద తేలేది పొడి ఈగ, మునిగేది తడి ఈగ. తడి ఈగే పాతది, సులువైనది. ట్రౌట్ తన తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలే తింటుంది. అడుగున పెరిగిన పురుగులు రెక్కలు విప్పుకోవడానికి పైకి ఈదుతూ వస్తాయి చూశారూ, అప్పుడు పట్టి మింగుతుంది. మనం కట్టే ఈగ అచ్చం పురుగులా ఉండనక్కరలేదు. నీటి ఒరవడిలో ప్రాణమున్నట్టు కదిలితే చాలు. ఆ కదలికంతా ఈకలో ఉంది. అందుకే పుంజు ఈక పనికిరాదు, బిరుసుగా నిలబడుతుంది. పెట్ట మెడ మీది మెత్తటి ఈక కావాలి.

నేను ఎక్కువగా కట్టేది నెమలి, నల్లకోడి కలిపిన ఈగ. ఇంగ్లండులో 1950ల నుంచి దీనికి మంచి పేరు. వాళ్లు దీన్ని సాలెపురుగు అంటారు. ముందు ముల్లును చిన్న వైసులో బిగించాలి. వైసు లేకపోతే బల్లకు బిగించిన పటకారైనా ఫరవాలేదు. ముల్లుకు నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, మన కుట్టుసూదుల లెక్కే. పన్నెండో నంబరు మొదట నేర్చుకునేవారికి బాగుంటుంది. నల్ల పట్టుదారానికి తేనెమైనం రాసి, ముల్లు కన్ను దగ్గర మొదలుపెట్టి వంపుదాకా పక్కపక్కనే ఆనేలా చుట్టాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. అక్కడ నెమలీక పీచులు మూడు కట్టి, వాటిని దారంతో కలిపి పురిపెట్టి, తిరిగి కన్ను వైపు చుట్టుకు రావాలి. పురి పెట్టకపోతే ట్రౌట్ పళ్లకు రెండు కాట్లలో తెగిపోతుంది. ఆ నెమలిపీచు మెరుపు చూస్తే మన పెళ్లిపట్టుచీర అంచు గుర్తొస్తుంది.

నెమలీక ఎక్కడిదంటారేమో. నెమలిని కొట్టడం నేరం, అది మన జాతీయ పక్షి. తనంత తాను రాల్చిన ఈకలతో చేసిన విసనకర్రలు గుళ్ల దగ్గర, దర్గాల దగ్గర అమ్ముతారు. ఒక్క విసనకర్ర కొంటే నాకు ఐదారేళ్లు వచ్చింది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మన దక్షిణాది అడవికోడి మెడ ఈకల్ని తెగ మెచ్చుకుంటారు. వాటి చివర లక్క అద్దినట్టు పసుపు చుక్కలుంటాయి. ఆ చుక్కల కోసం ఎన్ని కోళ్లను చంపి విదేశాలకు పంపారో! ఇప్పుడు అదీ చట్టరీత్యా నిషేధమే. నాకైతే మా సంతలోని నాటుకోడి చాలు.

ఇక ఈక. మొదట్లో ఉన్న నూగు తీసేసి, కన్ను వెనక దారంతో కట్టి, రెండు చుట్లు, ఎక్కువలో ఎక్కువ రెండు చుట్లు తిప్పాలి. ఈక కొనను బట్టల క్లిప్పుతో పట్టుకుంటే వేళ్లు జారవు. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. ఇంకో చుట్టు వేస్తే నిండుగా ఉంటుందనుకుంటారు. కోడిపిల్లలా ముద్దగా తయారయి నీళ్లలో కదలదు. పలచగా, చూడ్డానికి బీదగా ఉండాలి. ఆఖరున దారంతో నాలుగు ముడులు. మల్లెపూలు మాల కట్టేటప్పుడు వేళ్ల మీద మెలి తిప్పి లాగుతాం చూడండి, దాదాపు అదే ముడి. పైన గోళ్లరంగు, రంగు లేనిది, ఒక్క చుక్క.

మొదటి పది ఈగలు చూసి మావారు పకపకా నవ్వారు. పదకొండోదానికి చేప పడ్డది. ఆ తర్వాత నవ్వలేదు.

అయితే, సోదరీమణులారా, అసలు చెప్పదలచింది ఇప్పుడు వస్తుంది. హైదరాబాదు తిరిగి వచ్చాక కూడా రెండేళ్లకోసారి సెలవులకు కులూ వైపు వెళ్తూనే ఉన్నాం. తొమ్మిదేళ్లు ఈగలు కట్టాను. డబ్బాలు డబ్బాలు కట్టాను. ఒక్కసారి ముల్లు బొటనవేల్లో దిగితే డాక్టరు కోసి తీశాడు. ఇంత చేసీ గాలపుకర్ర ఏనాడూ నా చేతికి రాలేదు. ఆయన నీళ్లలో, నేను ఒడ్డున ఫ్లాస్కు, పిల్లల చెప్పులు కాపలా. "నీకు నీళ్లంటే భయం కదా" అనేవారు. ఆ మాట నేనెప్పుడన్నానో నాకు గుర్తు లేదు. ఎన్నోసార్లు విని విని నేనూ నమ్మేశాను. చేప పడితే, "ఇవాళ నా చెయ్యి బాగుంది" అనేవారు. ఈగ మాట ఎత్తేవారు కాదు. మావారు చెడ్డవారు కాదు, ఆ సంగతి ఇక్కడే చెబుతున్నాను. అలా అలవాటయింది, అంతే.

వారి పుస్తకాలు కూడబలుక్కుని చదువుతుంటే నాకు కొందరు ఆడవాళ్లు తగిలారు. 1496లో ఇంగ్లండులో గాలం గురించి ఒక పుస్తకం అచ్చయింది. పన్నెండు ఈగలు ఎలా కట్టాలో అందులో ఉంది. రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని పేరు. రుజువు లేదని పండితులంటారు, సరే. అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ అనే ఆవిడ, ఈగలు కట్టే ఆడవాళ్లందరి మీదా అజమాయిషీ చేస్తూ, ఏ ఈగ ఎక్కడిదో వివరాలు పోగుచేసి 1892లో లావుపాటి పుస్తకం వేసింది. ఇక మెగన్ బోయిడ్ అనే స్కాట్లండు ఆవిడ. సముద్రపు ఒడ్డున చిన్న ఇంట్లో కూర్చుని జీవితమంతా సాల్మన్ చేప ఈగలు కట్టింది. రాజకుమారుడు చార్లెస్ కూడా ఆవిడ ఈగలు కొనేవాడు. 1971లో రాణిగారి పతకం వచ్చింది. అంత చేసినావిడ గాలం వేసి చేప పట్టలేదట. చేపను చంపడం ఇష్టంలేక మానుకుంది, అది ఆవిడ నిర్ణయం. అది చదివి పుస్తకం మూశాను. మరి నాది ఎవరి నిర్ణయం?

ఆ మార్చిలో తీర్థన్ నది దగ్గరకు వెళ్లాం. అక్కడ చేప పట్టాలంటే మనిషికొక అనుమతి చీటీ తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం, ఎవర్నీ పట్టనివ్వరు. మావారి చీటీ అయ్యాక, నా పర్సులోంచి డబ్బు తీసి, "నాకూ ఒకటి" అన్నాను. గుమాస్తా ఆయన వంక చూశాడు. ఆయన నా వంక చూశారు. నేను చీటీ వంక చూశాను.

సల్వారు వేసుకుని, మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో దిగాను. నీళ్లు సూదులతో గుచ్చినట్టు చలి. మన గాలానికి సీసపు గుండు బరువు మీద దారం వెళ్తుంది. ఇక్కడ గుండు లేదు, తాడు బరువే ఈగను తీసుకుపోవాలి. కర్రను వెనక్కి ఎత్తి, తాడు వెనక చాపుకునేదాకా ఒక క్షణం ఆగి, ముందుకు వదలాలి. ఆ ఆగడం నాకు రాలేదు. గంటలో ఐదు ఈగలు దేవదారు కొమ్మలకు సమర్పించుకున్నాను. ఆరోది నా దుపట్టాకు. ఏరుకు అడ్డంగా, కాస్త దిగువకు వెయ్యాలి. నీరే దాన్ని వంపుగా ఈ ఒడ్డుకు తెస్తుంది. కర్ర కొన కిందికి దించి, దాని వెంటే తిప్పుతూ ఊరుకోవాలి. ఈగ ఒరవడి చివరకు వచ్చాక కాసేపు ఉంచి, రెండు అడుగులు దిగువకు జరిగి, మళ్లీ. పనిలో పని ఏమీ చెయ్యకపోవడమే. మనకు అదే కష్టం కదూ!

పన్నెండు గంటలప్పుడు గుంజింది. వేడి గిన్నె తగిలినట్టు చెయ్యి విదిలించాను. నైలాన్ తీగ తెగి ఊరుకుంది. ఆయన అవతలి రాయి మీదినుంచి, "విదిలించకూడదు, అదే తగులుకుంటుంది, మెల్లగా ఎత్తు" అని కేక వేశారు. తొమ్మిదేళ్లలో ఆ మాట నాతో అనడం అదే మొదటిసారి.

పొద్దు వాలాక, నురుగు కట్టిన రాయి వెనక మళ్లీ గుంజింది. ఈసారి మెల్లగా ఎత్తాను. కర్ర వంగింది. చేప తల ఊపుతుంటే ఆ కొట్టుకోవడమంతా నా మోచేతిదాకా వచ్చింది. భయం వేసింది, నిజమే. నీళ్లంటే కాదు, అది పోతుందేమోనని. జానెడు పైన ఉంటుంది చేప. పసుపు ఒంటి మీద ఎర్రచుక్కలు, కుంకుమబొట్లు పెట్టినట్టు. పెదవి చివర నా నల్లకోడి ఈగ. ముల్లు వెనకముక్కును ముందే పటకారుతో నొక్కేశాను కనుక సులువుగా వచ్చింది. పొడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోయి జబ్బు చేస్తుంది. చేతులు తడిచేసుకుని, తలను ఎదురునీటికి పెట్టి వదిలాను. "అయ్యో, వేపుడుకు బాగుండేది" అన్నారు ఆయన. మరునాడు పడ్డది వేపుడు చేసుకున్నాం లెండి, పసుపూ ఉప్పూ మిరియాలపొడీ వేసి.

ఇప్పుడు ఆదివారాలు బాల్కనీలో రెండు వైసులుంటాయి. తన ఈగలు తనే కట్టుకోవాలని ఒప్పందం. మావారు కళ్లజోడు సర్దుకుంటూ కడుతున్నారు, ఫరవాలేదు. ఈక మాత్రం ఇంకా నాలుగు చుట్లు వేస్తున్నారు.