పిడికిలి బిగిసినంత బరువు

(మండల సమాఖ్య మహాజన సభలో ఇద్దరు సభ్యులు కలిసి చేసిన ప్రసంగం)



అప్పులు, వసూళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మమ్మల్ని బరువులెత్తడం గురించి చెప్పమన్నారు. మాది ఒకే సంఘం, చిన్నప్పుడు ఒకే బడి. జబ్బు మాలో ఒకరికే. తిప్పలు ఇద్దరం పడ్డాం కనక ‘మేము’ అనే చెప్తాం.

2000 సెప్టెంబరులో మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఈ పోటీ పెట్టిందే ఆ ఏడు. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. పక్కూరి వ్యాయామశాలకి పొద్దున్నే నడిచి వెళ్లేవాళ్లం. తర్వాత పెళ్లిళ్లయ్యాయి, మానేశాం. అందులో చెప్పుకోడానికేమీ లేదు.

ఐదేళ్ల కిందట రెండు చేతుల వేళ్ల కణుపులూ ఒకేసారి వాచాయి. పొద్దున్న లేస్తే గంట, గంటన్నర దాకా జడ అల్లుకోలేం, కుళాయి తిప్పలేం. అరుగుదల అనుకున్నాం. ఎవరో ఇచ్చిన తెల్ల మాత్రలు ఆరు నెలలు మింగాం. మింగినన్నాళ్లూ హాయి, మానితే మళ్లీ అదే. చివరికి పెద్ద డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, ఇది కీళ్లవాతం అన్నారు. మన ఒంటిని కాయాల్సిన బలమే మన కీళ్ల మీద పడుతుందట. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. అక్కల్లారా, ఇది గట్టిగా చెప్తున్నాం: రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చెప్పిన గడువుకి రక్తపరీక్ష కూడా మానకూడదు.

నొప్పి కన్నా మమ్మల్ని కుంగదీసింది వేరే. మా సంఘానికి పిండివంటల యూనిట్ ఉంది. అందులో పాతిక కిలోల బియ్యం బస్తాలు దించాలి, పాకం కలపాలి. ‘నువ్వు కూర్చో అక్కా, లెక్కలు రాయి’ అని అందరూ మంచికే అన్నారు. రాశాం. కానీ వాటా డబ్బు చేతికొచ్చిన రోజున, కష్టపడకుండా తీసుకుంటున్నామన్న సిగ్గు. రెండేళ్లు కూర్చునేసరికి కీళ్లతో పాటు కండా పోయింది. నేల మీద నుంచి చెయ్యి ఊని లేవాల్సొచ్చింది.

డాక్టరమ్మని అడిగాం, మళ్లీ బరువులెత్తొచ్చా అని. వాపు అదుపులో ఉంది కాబట్టి ఎత్తమన్నారు, కొంచెం కొంచెంగా. ఇంట్లో అత్తగారు మాత్రం ‘ఏటే, ఇప్పుడేటి నీకీ బరువులు?’ అన్నారు. ఐదు లీటర్ల నూనె క్యాను కడిగి సగం నీళ్లు పోశాం. అంటే రెండున్నర కిలోలు. ఒకప్పుడు 15 కిలోల ఉత్త కడ్డీని ఆటగా ఎత్తిన చేతులివి! ఇద్దరం నవ్వుకున్నాం, తర్వాత ఒకరం ఏడ్చాం. క్యాను పిడికి తువ్వాలు చుట్టి లావు చేశాం. అలా చేస్తే వేళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. వారానికి రెండు రోజులు ఒకరం ఎత్తాం, ఒకరం లెక్కపెట్టాం. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం కూడా అందులోదే.

ఎనిమిది నెలలకి పన్నెండు కిలోల దాకా వచ్చాం. అప్పుడే తప్పు చేశాం. సంక్రాంతి అరిసెల ఆర్డర్లు, యూనిట్ నిండా జనం. అందరూ చూస్తుండగా పాతిక కిలోల బస్తా లేపాం. లేచింది. చప్పట్లు కూడా కొట్టారు. మర్నాటికి మణికట్టు బూరెలా పొంగింది. మూడు వారాలు గరిటె పట్టలేదు. లెక్కపెట్టే మనిషిగా ఆపాల్సింది, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

అప్పట్నుంచి పొదుపు పుస్తకం లాంటిది ఒకటి పెట్టాం. పొద్దున్న పిడికిలి ఎంత బిగిసిందో మొదట రాస్తాం, బరువు తర్వాత. కణుపు వేడిగా, వాచి ఉంటే ఆ రోజు ఆ చేత్తో బరువు లేదు, మెల్లగా కదపడమే. ఎత్తాక పెరిగిన నొప్పి రెండు గంటలు దాటి ఉంటే, ఈసారి తగ్గించాలి. పన్నెండు నుంచి ఐదుకి దిగిన వారాలున్నాయి. బడి రోజుల్లో అయితే అది ఓటమి. ఇప్పుడు ఆ పుస్తకంలో అదీ ఒక పద్దే.

ఇప్పుడు బాగున్న రోజున పదహారు కిలోలు ఎత్తుతున్నాం. బస్తా ఇంకా ఒంటరిగా దించం. చెరో పక్కా పట్టుకుని దించుతాం. పాకం మాత్రం మేమే కలుపుతున్నాం, వాటా తీసుకునేటప్పుడు తల దించుకోవడం లేదు.

ఈ పొద్దున్న పిడికిలి సగమే బిగిసింది. అందుకే మైకు ఒకరం పట్టుకున్నాం, కాగితం ఒకరం చదువుతున్నాం. మంగళ, శుక్రవారాల్లో ఐదున్నరకి గ్రామ సంఘం భవనంలో ఉంటాం. కీళ్ల జబ్బున్న అక్కలు డాక్టరుని అడిగి రండి. తువ్వాలు తెచ్చుకోండి, క్యాన్లు మా దగ్గరున్నాయి.