భుజం నొప్పి – మన బతుకు బరువు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



షుగరు, బీపీ, గుండెజబ్బులను గురించి మన సభల్లో పెద్దలు ఎన్నోసార్లు చెప్పియున్నారు. ఈసారి మేము భుజమును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. భుజం నొప్పి ప్రాణం తీయదు. నిజమే. కానీ మనలో చాలామందికి రెక్కలు ఆడితే తప్ప డొక్కలు ఆడవు. ఆ రెక్క పడిపోతే ఇంటిల్లిపాది పడిపోతారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాము.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువలకు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట మిర్యాలగూడలో రైసు మిల్లులు పెరిగినవి. ఆ మిల్లులలో గాని, సూర్యాపేట మార్కెట్ యార్డులో గాని బస్తా ఒక చోటి నుండి ఇంకొక చోటికి పోవాలంటే ఎవరో ఒక హమాలీ భుజం ఎక్కవలసినదే. కోదాడలో హైవే మీద లారీ పనివాళ్లు, మెకానిక్కులు ఉన్నారు. గోడలకు సున్నం, రంగులు వేసేవాళ్లు, సెంట్రింగు పనివాళ్లు, కుట్టుమిషను మీద బతికేవాళ్లు మూడు ఊళ్లలోనూ ఉన్నారు. ఇంట్లో బిందెలు మోసి, బట్టలు పిండి, అటక మీది డబ్బాలు దించే మన ఆడవాళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వీరందరి పనిముట్టు ఒక్కటే – భుజం.

భుజం లోపల ఏమున్నది?

తుంటి కీలు రోట్లో పొత్రం వంటిది. లోతుగా కూర్చుంటుంది, అంత తేలికగా కదలదు. భుజం కీలు అట్లా కాదు. చిన్న సాసరు మీద నిమ్మకాయ పెట్టినట్లు ఉంటుంది. సాసరు లోతు తక్కువ గనుకనే చెయ్యి ముందుకు, వెనుకకు, పైకి, చుట్టూ తిరుగుతుంది. మరి ఆ నిమ్మకాయ జారిపోకుండా పట్టుకొనేది ఏమిటి? రెక్క ఎముక నుండి బయలుదేరిన నాలుగు కండరములు. వాటి పేర్లు సుప్రాస్పైనాటస్, ఇన్‌ఫ్రాస్పైనాటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఈ నాలుగింటి కొసలు పట్టీలవలె మారి జబ్బ ఎముక తలకాయను చొక్కా కఫ్‌లాగా చుట్టుకొని ఉంటవి. అందుకే దీనిని రొటేటర్ కఫ్ అంటారు.

కండరమును ఎముకకు కట్టే ఈ పట్టీని టెండన్ అంటారు. మనవాళ్లు దీన్నే 'నరం' అంటారు. 'నరం పట్టింది, నరం మీద నరం ఎక్కింది' అంటారు. ఇది నరం కాదు, ఒకదాని మీద ఒకటి ఎక్కదు. ఇది వాస్తుంది, అరుగుతుంది, చినుగుతుంది. ఈ మూడు మాటలు గుర్తు పెట్టుకుంటే చాలు.

ఎందుకు చెడుతుంది?

మొదటిది వయస్సు. నలభై దాటిన తరువాత ఈ పట్టీలు పాతబడిన బొంత అంచులాగా పీచులు లేస్తవి. రెండవది పని. చెయ్యి తల కంటె పైకెత్తి మళ్లీ మళ్లీ చేసే పని, బరువును ఒక్కసారిగా విసిరే పని. మూడవది దెబ్బ. చెక్క మీది నుండి జారి చెయ్యి ఆనించి పడటం, స్కూటరు మీది నుండి పడటం, జారిపోతున్న బస్తాను ఒక్క చేత్తో ఆపబోవటం. వీటికి తోడు షుగరు జబ్బు, బీడీ, సిగరెట్టు. పొగాకు వలన టెండన్‌కు రక్తం సరిగా అందదు, చినిగినది తొందరగా మానదు.

ఎట్లా గుర్తించాలి?

నొప్పి సాధారణంగా భుజం పైన కాక జబ్బ పక్కన తెలుస్తుంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. తల దువ్వుకోవటం, చొక్కా చేతిలో చెయ్యి దూర్చటం, వీపు వెనుకకు చెయ్యి పెట్టటం కష్టమవుతుంది. చెయ్యి పక్క నుండి పైకి లేపుతుంటే సగం దూరంలో నొప్పి లేస్తుంది, పూర్తిగా పైకి పోయిన తరువాత తగ్గుతుంది.

అయితే భుజం నొప్పులన్నీ ఒకటి కావు. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. తనంతట తాను చెయ్యి లేపలేడు గాని పక్కవాళ్లు మెల్లగా లేపితే లేస్తుంది, వదిలితే చెయ్యి కింద పడిపోతుంది – అట్లయితే టెండన్ చినిగినదేమోనని అనుమానించాలి. తాను లేపినా, ఇంకొకరు లేపినా ఎటూ కదలకుండా బిగుసుకుపోతే అది చాలావరకు 'ఫ్రోజెన్ షోల్డర్'. ఇది షుగరు ఉన్నవాళ్లకు ఎక్కువ. నెమ్మదిగా, ఏడాది నుండి రెండు మూడేళ్లలో సడలుతుంది. నొప్పి మోచేయి దాటి వేళ్లదాకా తిమ్మిరిగా దిగితే మెడ నుండి వచ్చినదేమో చూపించాలి.

ఒక్క హెచ్చరిక. ఎడమ భుజం నొప్పితోపాటు ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఆయాసం వస్తే అది భుజం కాదు, గుండె కావచ్చును. బామ్ రాసుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

మాలిష్, కట్టు – ఒక మాట

మన ఊళ్లలో భుజం పట్టేస్తే మొదట జ్ఞాపకం వచ్చేది పహిల్వాన్ దవాఖానా. మేము ఎవరినీ కించపరచుటకు ఈ మాట చెప్పుటలేదు. చెయ్యి మీద నూనె రాసి మెల్లగా రుద్దితే కండరానికి హాయిగానే ఉంటుంది. కానీ చినిగిన పట్టీని ఏ మాలిషూ అతికించలేదు. చెయ్యి పట్టి గట్టిగా గుంజితే చిన్న చినుగు పెద్దదవుతుంది, పగులు ఉంటే ఎముక కదులుతుంది. ఇక నెలల తరబడి కట్టు కట్టి ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. ఒక నొప్పికి రెండు నొప్పులవుతవి.

మాకు తెలిసిన ఇద్దరి సంగతి చెబుతాము. యాభై ఏళ్ల హమాలీ భాయ్ ఒకరు లారీకి వేసిన చెక్క మీది నుండి జారిపడినారు. మరునాటి నుండి చెయ్యి లేవలేదు. 'ఏమైతది, నాలుగు రోజులైతే అదే తగ్గుతది' అన్నారు. అయిదు నెలలు మాలిషులు, కట్లు నడిచినవి. చివరకు హైదరాబాదు పోయి ఎంఆర్‌ఐ తీయిస్తే తెగిన టెండన్ లోపలికి ముడుచుకుపోయి, కండరం కొవ్వుగా మారిపోయినదని, ఇక కుట్టినా నిలవదని డాక్టర్లు తేల్చినారు. వారు ఇప్పుడు రాత్రి కాపలా పని చేస్తున్నారు, రాబడి సగమైనది. రెండవవారు మెకానిక్కు. స్కూటరు మీది నుండి పడి, చెయ్యి లేవకపోతే రెండవ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించుకున్నారు. ఆపరేషన్ అయినది, కసరత్తులు శ్రద్ధగా చేసినారు, ఏడు నెలలకు పానా పట్టుకున్నారు. వయస్సులో తేడా ఉండవచ్చును, దెబ్బలో తేడా ఉండవచ్చును. కానీ పెద్ద తేడా ఆ పోయిన అయిదు నెలలే.

వైద్యం ఏమిటి?

దెబ్బ తగలకుండా నెమ్మదిగా వచ్చిన నొప్పికి చాలామందికి ఆపరేషన్ అవసరముండదు. నొప్పి పుట్టించే పని కొన్నాళ్లు మానాలి గాని చెయ్యిని పూర్తిగా ఆపకూడదు. కొత్తలో ఐసు కాపడం మంచిది. నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగవద్దు. కడుపులో పుండు, బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు అవి చేటు చేస్తవి. పడుకొనేటప్పుడు బాగున్న పక్కకు తిరిగి, నొప్పి చేతి కింద దిండు పెట్టుకోవాలి.

అసలు మందు కసరత్తు. ఆరు నుండి పన్నెండు వారాలు విడవకుండా చేయాలి. ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చును.

ఒకటి: బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి చెయ్యిని బావి చేదలాగా వేలాడదీసి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. ఒకటి రెండు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు.

రెండు: వెల్లకిల పడుకొని రెండు చేతులతో కర్ర పట్టుకొని, బాగున్న చేతి సాయంతో నొప్పి చెయ్యిని పైకి లేపాలి.

మూడు: గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో చీమ పాకినట్లు పైకి పాకించాలి.

నాలుగు: మోచెయ్యి నడుముకు ఆనించి వంచి, అరచేతి వెనుక భాగంతో గోడను బయటికి నెట్టాలి. చెయ్యి కదలకూడదు, బలం మాత్రం పెట్టాలి. అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు.

అయిదు: నిటారుగా కూర్చుని వీపు వెనుక రెక్క ఎముకలను దగ్గరికి లాగి వదలాలి.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయపడవద్దు. ఆ రాత్రి నొప్పి పెరిగితే మాత్రం మరునాడు తగ్గించాలి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొంతమందికి కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, ఆ సందులో కసరత్తు సాగుతుంది. కానీ షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. ముందుగా డాక్టరుకు చెప్పండి. మాటిమాటికి వేయించుకోవటం టెండన్‌కు మంచిది కాదు.

ఎంఆర్‌ఐలో చినుగు అని రాసి ఉంటే గుండె జారిపోవద్దు. 1995లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో, భుజం నొప్పి అసలే లేని 96 మందికి ఎంఆర్‌ఐ తీసి చూస్తే 34 శాతం మందిలో చినుగు కనిపించింది. అరవై దాటినవారిలో అది 54 శాతం. కావున ఫిల్ముకు కాదు, మనిషికి వైద్యం చేయాలి. చెయ్యికి ఎంత బలమున్నది, ఏ పనికి పనికి వస్తున్నది అన్నదే ముఖ్యం.

ఆపరేషన్ ఎవరికి? దెబ్బ తగిలి టెండన్ పూర్తిగా తెగి, చెయ్యి లేవనివారికి. వీరు నెలలు గడవనీయకూడదు. కొన్ని వారాలలోనే చూపించుకోవాలి. మూడు నెలలు కసరత్తు చేసినా పని చేసుకోలేనివారికి కూడా డాక్టరు సలహా ఇవ్వవచ్చును. తెగిన టెండన్‌ను తిరిగి ఎముకకు కుట్టే సంగతి కొత్తది కాదు. బోస్టన్ నగరపు సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1911లోనే దీనిని గురించి రాసినారు. మనము చెప్పుకున్న చేద కసరత్తుకు కూడా ఆయన పేరే ఉన్నది. ఇప్పుడు చిన్న రంధ్రాల గుండా దుర్బిణీతో చేస్తున్నారు. అయినా కుట్టు అతుక్కోవటానికి పట్టే కాలం మాత్రం తగ్గలేదు. నాలుగు నుండి ఆరు వారాలు చెయ్యి జోలెలో ఉంచాలి, బరువు పనికి దాదాపు ఆరు నెలలు ఆగాలి. పెద్ద చినుగులు, పెద్ద వయస్సు అయితే మళ్లీ విడిపోయే అవకాశమూ ఉన్నది. ఇది తెలిసి ఒప్పుకోవాలి.

నమాజును గురించి చాలామంది అడుగుతుంటారు. సజ్దాకు పోయేటప్పుడు, లేచేటప్పుడు చేతి మీద బరువు పడుతుంది. నొప్పి తీవ్రంగా ఉన్నన్నాళ్లు, ఆపరేషన్ తరువాత, కుర్చీలో కూర్చుని సైగతో చేసుకొనే వెసులుబాటు రోగులకు ఉన్నదని ఉలమాలే చెబుతారు. సందేహముంటే మీ ఇమాం సాబును అడగండి. చెయ్యి పాడు చేసుకోవద్దు.

ఎక్కడికి పోవాలి?

సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని ఆసుపత్రిలో ముందు చూపించుకోవచ్చును. అక్కడ కానిదానికి హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నవి. నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రిగా పుట్టినదేనని పెద్దలకు జ్ఞాపకమే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచినారు. మీకు చెప్పిన ఆపరేషన్ అందులో వస్తుందా రాదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, తరువాతనే అప్పు సంగతి ఆలోచించండి.

పనిలో దెబ్బ తగిలిన కార్మికునికి పరిహారమిచ్చే చట్టం మన దేశంలో 1923 నుండి ఉన్నది. కానీ కాగితం లేనిదే హక్కు నిలవదు. పడిన రోజే దవాఖానాకు పోయి తేదీ, చోటు, ఎట్లా పడినారు అన్నది చీటీలో రాయించుకోండి. 

రాకుండా ఏమి చేయాలి? బస్తాను ఇద్దరు కలిసి లేపండి, ఒంటికి దగ్గరగా పట్టుకోండి, తలపైకి విసరవద్దు. లారీ చెక్క తడిగా ఉంటే తుడిచి ఎక్కండి. ఇంట్లో బరువు డబ్బాలు నడుము ఎత్తున పెట్టుకోండి. బీడీ మానండి, షుగరును అదుపులో పెట్టండి.

చివరగా సంఘ పెద్దలకు ఒక విన్నపము. ప్రతి ఊరిలో ఇద్దరు యువకులు ముందుకు వచ్చి, పడి చెయ్యి లేవని మనిషి ఎవరైనా ఉన్నారని తెలిస్తే రెండు వారాలు దాటకముందే ఎముకల డాక్టరు దగ్గరికి తోడు తీసుకుపోవాలి. ఆరు నెలలు పని లేని ఇంటికి బియ్యం, పిల్లల ఫీజు సంగతి సంఘము చూడాలి. ఇంటి దిగులు లేకుంటేనే ఆ భాయ్ కుట్టు మానకముందే బస్తా ఎత్తకుండా ఉంటాడు. ఆపరేషన్ చేసేది డాక్టరే అయినా దానిని నిలబెట్టేది మనమే.