మిషన్ ఆన్ చేసే ముందు చెక్కను చూసుకోండి
(వడ్రంగుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో మన వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచర్, పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడతలో లక్ష రూపాయల వరకు రుణం ఇందులో ఉన్నాయి. ఆ రుణం తీరాలంటే మీ చేతులు బాగుండాలి. అందుకే ఈరోజు కరెంటు రందా గురించి నాలుగు మాటలు చెప్తా.

మన దగ్గర స్టడీ హాళ్లకు, హాస్టళ్లకు టేబుళ్లు, ర్యాకులు చేసే పని ఉంటుంది. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు తలుపులు, దూలాలు కూడా చేతికొస్తాయి. చెక్క మంచిదే. కానీ లోపల ఏముందో చూడకుండా మిషన్ పెట్టొద్దు.

1. మొలలు తీయండి: విరిగి లోపలే ఉండిపోయిన మొలలు కంటికి కనిపించవు. గట్టి అయస్కాంతం తిప్పి చూడండి. సిమెంటు, ఇసుక ఉంటే వైర్ బ్రష్‌తో దులపండి. మొల తగిలితే బ్లేడు పెచ్చులూడుతుంది, ఆ ముక్క కంట్లో పడొచ్చు. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి దాని మీద నేరుగా రందా కొట్టొద్దు.

2. ఆరిందో లేదో చూడండి: పచ్చి చెక్క నునుపుగా రాదు, తర్వాత వంకర పోతుంది. ఫర్నిచర్‌కు తేమ 12 శాతం లోపు ఉంటే మంచిది. మీటర్ లేకపోతే ఒక ముక్కను రెండు మూడు రోజులకోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. పలకల మధ్య ఒకే మందం పట్టీలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి.

3. వంకర చూడండి: పలకను కంటికి వారగా పట్టి చూసి, ఎత్తుగా ఉన్న చోట పెన్సిల్ గీయండి. ముందు అక్కడే కొట్టండి.

4. నార దిక్కు పట్టండి: ఎదురు నారకు కొడితే పెళ్లలు లేస్తాయి. ముడి ఉన్న చోట లోతు తగ్గించి, ఒకసారికి అర మిల్లీమీటరే తీయండి.

5. గట్టిగా బిగించండి: పలకను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో మిషన్ నడపొద్దు. క్లాంపులు వేసి, రెండు చేతులూ మిషన్ మీదే ఉంచండి. వైరు వెనక్కి వేసుకోండి. మెడలో తువ్వాలు తీసేయండి. కళ్లద్దాలు, మాస్క్ పెట్టుకోండి. స్విచ్ ఆపినా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాకే కింద పెట్టండి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్ పీకేయండి.

"పిల్లలు రేపే చేరుతున్నారు, తొందరగా కానీయ్" అని హాస్టల్ ఓనరు అంటాడు. టేబుల్ ఒక పూట ఆలస్యమైతే ఆయన సర్దుకుంటాడు. మీ వేలు పోతే నష్టం మీ ఇంటికే. ఒక్క పది నిమిషాలు ఆగమని చెప్పండి.

ఈ పీడీఎఫ్‌ను మీతో పనిచేసే కుర్రాళ్లకు కూడా పంపండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.